చిన్నమ్మాళ్ నెత్తురు పనికిరాదన్నారు

చిన్నమ్మాళ్ పొద్దున లేవగానే చేసే మొదటి పని గోడ తుడవడం. ముగ్గు వేసేది ఆ తర్వాత, కాఫీ పెట్టేది ఇంకా ఆ తర్వాత. పీలమేడులో వాళ్ల సందు మొత్తంలో పొద్దున్నే గోడ తుడిచే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇరవయ్యారేళ్లు తుడిచింది. ఆమె పెనిమిటి కల్యాణసుందరం కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టే మనిషి. సాయంత్రం షెడ్డు నుంచి వస్తూనే, చేతులైనా కడుక్కోకుండా, వసారాలో లైటు వేసేవాడు. స్విచ్చి పక్కన గోడమీద నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు, గ్రీసుతో నల్లగా, ముద్ర గుద్దినట్టు పడేవి. మర్నాడు ఆమె ముందు కిరసనాయిలు గుడ్డతో, తర్వాత సబ్బునీళ్లతో, చివరికి పొడిగుడ్డతో తుడిచేది. తుడుస్తున్నంతసేపూ తిట్టేది.

“స్విచ్చి ఇక్కడుండాది మామా, గోడ అక్కడుండాది. నీకు ఆ గోడంటే ఎందుకంత ప్రేమ?”

“నువ్వు తుడుస్తావని తెలిసే వేస్తుండాను చిన్నా. లేకుంటే పొద్దున్నే ఎవరిని తిడతావు, పావం?”

ఇప్పుడు కూడా ఆమె అదే వేళకు లేస్తుంది. కొక్కేనికున్న గుడ్డ అందుకుంటుంది. స్విచ్చి దగ్గరికి పోయి నిలబడుతుంది. గోడ తెల్లగా ఉంటుంది. నిన్నా తెల్లగానే ఉంది, మొన్నా అంతే. గుడ్డను మళ్లీ కొక్కేనికి తగిలించి ముగ్గు డబ్బా తీసుకుంటుంది.

ఆమె అతన్ని మామ అని పిలవడం ముద్దుకు కాదు. కల్యాణసుందరం పెనిమిటి కాకముందే ఆమెకు మేనమామ, వాళ్లమ్మకు సొంత తమ్ముడు. వాళ్లలో అది వింత కాదు. అక్క కూతుర్ని వదిలి ఇంకో ఇంటి పిల్లను తెచ్చుకుంటే అక్క మాట్లాడడం మానేసే రోజులవి. అలా చిన్నమ్మాళ్‌కు అవ్వే, అమ్మను కన్న తల్లే, అత్త అయింది. పెళ్లినాడు కొత్తకోడలు కుడికాలు ముందు పెట్టాలని ఆడవాళ్లు హడావిడి పడుతుంటే ఆ అవ్వ, “ఇది నడక నేర్చిందే ఈ గడప పట్టుకుని. ఏ కాలు పెడితే ఏమి, లోపలికి రానీయండి, నాకు ఆకలేస్తుండాది” అందట. గోడలకు మరకుంటే నిద్రపట్టని గుణం చిన్నమ్మాళ్‌కు ఆ అవ్వ నుంచి వచ్చిందే. వాళ్లకు పిల్లలు కలగలేదు. అవ్వ పోయింది, వాళ్లమ్మా పోయింది. ఆ ఇంట్లో మామ, చిన్న, ఒక గోడ మిగిలారు.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో, తేని అనే ఊరి పక్కన ఒక ద్రాక్షతోటలో పంపు మోటారు కాలిపోయిందని కబురొచ్చింది. కల్యాణసుందరం పనిముట్ల సంచి తీసుకుని బస్సెక్కాడు. ఆ సాయంత్రం కొండమీద ఎక్కడో వాన విరుచుకుపడి, తోట పక్కన వాగు పొంగి, పంపు గదిని గోడలతో సహా లాక్కుపోయింది. మర్నాడు సంచి ఒక ముళ్లకంపకు చిక్కుకుని దొరికింది. మనిషి దొరకలేదు. నలభై రోజుల తర్వాత చాలా దూరాన, రెల్లు పొదల్లో, ఒక మగమనిషి ఎముకలు కనిపించాయి. ముఖం లేదు, బట్ట లేదు. నడుముకు మాత్రం తెగిన మొలతాడు ఒకటి, తెగినచోట రాగితీగతో ముడేసి ఉంది.

ఆ తీగ ఫోటోను పోలీసులు సెల్లులో చూపించినప్పుడు చిన్నమ్మాళ్ రెండుసార్లు చూడలేదు. రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి మడత, ఒంటికి గుచ్చుకోకుండా. ఇంట్లో తెగిన ప్రతి వస్తువుకూ అదే ముడి. కుక్కర్ పిడికీ అదే, గొడుగు కమ్మికీ అదే, ఆమె చెప్పుకూ అదే.

“మా మామే,” అంది.

“పీలమేడులో ఇంటికొక మోటారు మనిషి ఉండాడమ్మా,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ అంతోని. “తీగ చూసి రాసిచ్చేదానికి చట్టం ఒప్పుకోదు. డీఎన్‌ఏ చూడాలి.” అంతోనికి స్టేషన్‌లో తమిళం, ఇంట్లో తెలుగు. చర్చి పక్క వీధిలో ఉంటాడు. మనిషి మంచివాడు. చేతిలో ఫారం ఉంటే మాత్రం అందులో గడులు తప్ప ఇంకేమీ కనబడవు.

అతనే మర్నాడు ఫారం, ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంటిపెద్దగా రామచంద్రన్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రామచంద్రన్‌దీ కల్యాణసుందరందీ ఒకే ఇంటిపేరు, పందిరివారు. వరసకు అన్నదమ్ములు. చిన్నమ్మాళ్ అతన్ని బావ అంటుంది. కినత్తుకడవులో కొబ్బరికాయల మండీ నడిపే మనిషి. గొంతు ఎంత పెద్దదంటే, ఆయన పీలమేడులో దగ్గితే కినత్తుకడవులో కాయలు రాలతాయని కల్యాణసుందరం ఆటపట్టించేవాడు.

“అన్న పళ్లు తోమే బ్రష్షు ఉంటే ఇయ్యండమ్మా. దానికి అంటుకున్నది చాలు ల్యాబోళ్లకు,” అన్నాడు అంతోని.

“బ్రష్షు లేదు సార్. వేలితో పల్పొడి.”

“గడ్డం గీసుకునే బ్లేడు?”

“సలూన్‌లో గీయించుకుంటాడు.”

“దువ్వెన?”

“దువ్వేదానికి తలమీద ఏముండాది సార్?” అంది చిన్నమ్మాళ్ నిజాయితీగా. రామచంద్రన్ ఫక్కున నవ్వి, సందర్భం గుర్తొచ్చి దగ్గుగా మార్చాడు.

“సరి. ఉతకని చొక్కా? పంచె?”

అది ఆమెకు తగిలింది. “ఉతకని చొక్కా మా ఇంట్లోనా?”

“దిండు గలీబు?”

“ఉడకబెట్టినాను. దుప్పటి కూడా.” ఆగి, మెల్లగా అంది. “వస్తే వేసుకుంటాడని అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టినాను.”

అంతోని ఖాళీ కవర్లన్నీ మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీరు రవ్వంత సోమరి అయ్యుంటే ఈ పని ఈ పొద్దే అయిపోయుండును. సరి, సొంత రక్తం కావాలి. పిల్లలు?”

“లేరు.”

“తల్లిదండ్రులు?”

“లేరు.”

“నాది తీసుకోండి సార్,” అని చేయి చాచింది చిన్నమ్మాళ్.

“భార్య నెత్తురు పనికిరాదమ్మా. భార్య అంటే వేరే ఇంటి నుంచి వచ్చిన మనిషి కదా,” అని అంతోని ఆ గడిలో ఒక అడ్డగీత గీసేశాడు.

చిన్నమ్మాళ్ చదివింది ఐదో తరగతి. పేనా పట్టుకున్న మనిషి ముందు ఆమెకు మాట పెగలదు. నేను వేరే ఇంటి నుంచి రాలేదే అనుకుంది. పోలీసులకు తెలియదా ఏమి, వాళ్లు అడిగినదానికి చెబితే చాలు అని కూడా అనుకుంది. చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

“అక్కచెల్లెళ్లు?”

“ఒకే అక్క. పోయి పన్నెండేళ్లు,” అన్నాడు రామచంద్రన్. ఆ గడిలోనూ అడ్డగీత పడింది.

“అన్నదమ్ములు?”

“నేనుండాను కదయ్యా!” అని రామచంద్రన్ కుర్చీలోంచి లేచాడు. “పందిరివారి నెత్తురు. ఎంత కావాలంటే అంత తీసుకో.”

మదురైలో ల్యాబు. రామచంద్రన్ ఒక వ్యాను మాట్లాడి, తోడుకు ఇంకో ముగ్గురు పంగాళ్లను, అంటే అదే ఇంటిపేరు దాయాదులను, ఎక్కించుకుని ఊరేగింపులా పోయాడు. నెత్తురు చిక్కగా ఉండాలని దారిలో పన్నెండు ఇడ్లీలు తిన్నాడట. తీరా అక్కడ వాళ్లు తీసుకున్నది ఒక చిన్న సీసా. “ఇంతేనా?” అని ఆయన నొచ్చుకున్నాడని వ్యాను డ్రైవర్ వచ్చి సందంతా చెప్పాడు.

ఆ జవాబు కోసం చూసిన నెలన్నర చిన్నమ్మాళ్ ఎక్కడ నిలబడాలో తెలియని మనిషైంది. పక్కింట్లో బిడ్డకు పేరు పెడితే పిలిచారు. కుంకుమ పళ్లెం వరసగా వస్తూ వస్తూ ఆమె ముందు ఆగింది. పళ్లెం పట్టుకున్న పిల్ల వాళ్లమ్మ ముఖం చూసింది, వాళ్లమ్మ వాళ్లత్త ముఖం చూసింది. చిన్నమ్మాళే లేచి, “పొయ్యిమీద పాలు పెట్టొచ్చినాను,” అని ఇంటికొచ్చేసింది. పొయ్యిమీద పాలేమీ లేవు.

జవాబొచ్చిన రోజు అంతోని కాగితం పట్టుకుని వసారాలో నిలబడ్డాడు.

“కలవలేదు.”

“అంటే?”

“మగబిడ్డకు నాయన దగ్గర్నుంచి ఒక పోగు వస్తుందట. నాయన నుంచి కొడుక్కి, కొడుకు నుంచి వాడి కొడుక్కి, దాదాపు మారకుండా దిగుతుంది. ఒక వంశం మగోళ్లందరికీ అది ఒకటే ఉండాలి. ఆ ఎముకలో ఉన్నది వేరే, రామచంద్రన్ అన్న నెత్తురులో ఉన్నది వేరే.”

“అంటే అది మా తమ్ముడు కాదు!” రామచంద్రన్ గొంతుకు కాకులు లేచిపోయాయి. “బతికుండాడు! ఎక్కడో బతికుండాడు!”

అంతోని ఇంకా చెప్పబోయాడు. “తల్లి దారి అని ఇంకొకటి ఉందట. అది తల్లి దగ్గర్నుంచి పిల్లలందరికీ వస్తుంది. కానీ అన్నకు తల్లీ లేదు, అక్కా లేదు, ఏమి చేసేది? ఇంకెవరూ రాకుంటే నెలలోపల గుర్తు తెలియని మనిషి అని రాసి, తేనిలోనే నంబరు వేసి పూడ్చేస్తారు.” ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. రామచంద్రన్ అప్పటికే మైసూర్‌పాకు తెప్పించాడు. సందులో ఇంటింటికీ పంచాడు. ఏ దర్గాకు, ఏ కోవిలకు పోయి అడగాలో, ఏ పేపరులో ఫోటో వేయించాలో గట్టిగా మాట్లాడుకుంటూ మగవాళ్లు వెళ్లిపోయారు.

చిన్నమ్మాళ్ చేతిలో మైసూర్‌పాకు ముక్క అలాగే ఉండిపోయింది. బతికుంటే బాగుండునని ఆమెకు మాత్రం లేదా? కానీ ఆ ముడి ఆమె కళ్లముందే ఉంది. రెండు చుట్లు, ఒక మెలిక. మామ తేనిలో ఒక నంబరు కింద పడుకుంటాడు, ఇక్కడ వీళ్లు పేపర్లలో వెతుకుతూ ఉంటారు. నవ్వుతూ ఇంటికి రావలసిన మనిషిని పేరు లేకుండా పూడ్చేస్తారు.

పొద్దు వాలుతుండగా అంగమ్మాళ్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటిన ముసలావిడ. రామచంద్రన్ వాళ్ల నాయనకు సొంత చెల్లెలు. ఆమె వచ్చేసరికి చిన్నమ్మాళ్ పాలు తోడుపెడుతోంది.

“ఊరంతా తీపి తింటాండాది, నువ్వు మాత్రం మూతి ముడుచుకున్నావు. ఏందే?”

“అత్తా, ఆ తీగముడి మామదే.”

అంగమ్మాళ్ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. చూసి, వాదించకుండా పీట లాక్కుని కూర్చుంది. “నీ పెనిమిటి ముడి నీకు తెలియకుంటే ఎవరికి తెలుస్తుంది? మరి మా రాముడి నెత్తురు ఎందుకు కలవలేదు?”

“నాయన దారి చూసినారంట. తాత, నాయన, కొడుకు, అట్ల.”

“తాతా?” అంగమ్మాళ్ కర్ర కింద పెట్టింది. “రాముడి తాత అంటే మా నాయన కదే. మా నాయన పందిరివాడు యాడైనాడు?”

చిన్నమ్మాళ్ చేతిలో గరిటె ఆగిపోయింది.

“మా నాయనది కినత్తుకడవు. పందిరివారిలో మా తాతకు మా అమ్మ ఒక్కతే బిడ్డ, మగబిడ్డ లేడని మా నాయనను ఇల్లరికం తెచ్చుకున్నారు. నీ పెనిమిటిది ఆ తాత తమ్ముడి వంశం. పెళ్లి పందిట్లోనే, ఈ పొద్దు నుంచి నువ్వు పందిరివాడివి అని పేరు మార్చేసినారు. ఆ తర్వాత ఆ మాట ఎవరెత్తినారు? ఇంటికి వచ్చినోడు ఇంటోడే కదా. రాముడికి కూడా తెలిసుండదు.” ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగడం లేదు. “పన్నెండు ఇడ్లీలు తిని కినత్తుకడవు నెత్తురు ఇచ్చొచ్చినాడే వాడు!”

చిన్నమ్మాళ్ కూడా నవ్వింది. మూడు నెలల్లో మొదటిసారి. నవ్వుతూనే గిన్నెలోకి చూసింది. ఆ తోడు అవ్వది. అవ్వ తన కూతురికి, అంటే చిన్నమ్మాళ్ అమ్మకు, పెళ్లిచేసి పంపినప్పుడు గిన్నెలో ఇచ్చి పంపిన తోడు. చిన్నమ్మాళ్ పెళ్లైతే వాళ్లమ్మ మళ్లీ ఆమెకు ఇచ్చి పంపింది. అదే పెరుగు అదే ఇంటికి తిరిగొచ్చిందని అవ్వ మురిసిపోయింది. అవ్వ పెరుగు తిని పెరిగినవాళ్లు ఇద్దరు, ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు పోయింది. కానీ కూతురి తోడు పోలేదే.

“అత్తా, తల్లి దారి అని అంతోని ఏమో చెప్పినాడు. తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుందంట. అవ్వ నుంచి మామకు వచ్చుంటుంది. మా అమ్మకూ వచ్చుంటుంది. మా అమ్మ నుంచి…”

“నీకు!” అని అంగమ్మాళ్ తొడ చరిచింది. “లేవే! రేపు పొద్దున్నే పోదాము.”

మర్నాడు ఇద్దరాడవాళ్లు స్టేషన్‌కు పోయారు. చిన్నమ్మాళ్ జీవితంలో మొదటిసారి పేనా పట్టుకున్న మనిషి ముందు తనంతట తానే మాట్లాడింది.

“సార్, ఆ గడిలో గీసిన గీత కొట్టేయండి. నేను ఆయన అక్క కూతుర్ని.”

అంతోని ఫారం తిరగేశాడు. “మిమ్మల్ని భార్య అని రాసేసినాను కదమ్మా.”

“భార్య కూడా.”

“రెండూ ఎట్ల రాసేది?”

“రెండూ అయినప్పుడు రెండూ రాయాలి. నీకు పేనా ఇచ్చింది ఎందుకు?” అంది అంగమ్మాళ్. “ఏమయ్యా, నీ పెళ్లాం ఎవరు?”

“మా మేనత్త కూతురు.”

“నీ ఇంట్లోనే ఇంత పెట్టుకుని నీకే తట్టలేదే!”

అంతోని తల గోక్కున్నాడు. తర్వాత గబగబా సెల్లు తీసి మదురైకి ఫోన్ చేశాడు. వాళ్లేదో అడిగితే, “అవును మేడం, సొంత అక్క. సొంత అక్కకు సొంత కూతురు. అవును, ఆమే భార్య. అవును మేడం, ఇద్దరూ ఒక్కరే,” అని నాలుగుసార్లు చెప్పాడు. ఫోన్ పెట్టేసి, “వెంటనే తీసుకుని రమ్మన్నారు,” అన్నాడు.

ఈ సంగతి రామచంద్రన్‌కు చేరినప్పుడు పెద్ద గొడవే అయింది. తమ్ముడు బతికుండాడనే ఆశ పోయింది, దానితోపాటు తన పందిరితనమూ పోయిందని ఆయన భయం. కులదైవం పండగలో మొదటి తాంబూలం ఏటా ఆయనకే ఇస్తారు.

“ఇంత వయసొచ్చినాక నన్ను కినత్తుకడవుకు తోసేస్తుండావా అత్తా? రేపు మొదటి తాంబూలం ఎవడు తీసుకునేది?”

“నువ్వే తీసుకుంటావు. నీ అవ్వ పందిరివారి బిడ్డ కాదా? ఆడబిడ్డ వల్ల వచ్చిన పందిరితనం చిన్నదా నీకు? అయితే నేనెవర్నిరా?”

రామచంద్రన్ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే వ్యాను తెచ్చి చిన్నమ్మాళ్ గుమ్మం ముందు ఆపాడు. కిందికి చూస్తూ, “ఎక్కమ్మా. బస్సులో ముసలామెను పెట్టుకుని ఎట్ల పోతావు?” అన్నాడు. దారిలో ఇడ్లీ కొట్టు దగ్గర ఆపి, “నువ్వు రెండు తింటే చాలు,” అని కూడా అన్నాడు.

మదురై ల్యాబులో ఇలక్కియ అనే అమ్మాయి కూర్చోబెట్టి మాట్లాడింది. తెల్లకోటు, జడలో మల్లెపూలు. బయట వరండాలో అంగమ్మాళ్, రామచంద్రన్ పోట్లాడుకుంటుంటే విని, తెలుగులో, “మా ఇంట్లో కూడా ఇట్లనే అరుచుకుంటారమ్మా, మాది తేని,” అని నవ్వింది. దాంతో చిన్నమ్మాళ్‌కు గుండెలో బరువు సగం దిగింది.

“మేడం, నాకు అర్థమైనట్టు చెబుతాను, తప్పైతే చెప్పండి. మా అవ్వ పెరుగు కొడుకూ తిన్నాడు, కూతురూ తినింది. కొడుకు పిల్లలకు వాళ్లమ్మ తెచ్చిన తోడే దిగుతుంది. కూతురి పిల్లలకు మాత్రం అవ్వ తోడే. అందుకని నాకూ మా మామకూ ఒకటే తోడు. అంతేనా?”

ఇలక్కియ చేతిలో పేనా బల్లమీద పెట్టింది. తర్వాత, “కొత్తగా చేరే పిల్లలకు ఇదే చెప్పాలి నేను,” అంది. “అంతేనమ్మా. కానీ మీ అవ్వ తోడు ఆమె అక్కచెల్లెళ్ల ఇళ్లల్లో కూడా ఉంటుంది కదా. అందుకని అది ఒక్కటే చూసి రాయం. మిగతా గుర్తులు కూడా చూస్తాము. మేనమామకూ మేనకోడలికీ ఎంత కలవాలో ఒక లెక్క ఉండాది. ఇంకేదైనా గుర్తుందా? ఎముక విరిగిందా ఎప్పుడైనా?”

“ఎడమకాలు, మోకాలి కింద. బావి మెట్టు జారి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నేనే కబురు చెప్పేదానికి పరిగెత్తినాను.”

ఇలక్కియ ఆ మాట రాసుకుంది. రాసుకుంటూ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. అప్పుడే తెలిసింది చిన్నమ్మాళ్‌కు. ఆ ఎముకను ఈ పిల్ల ముందే చూసింది.

సీసాలోకి నెత్తురు తీసుకుంటుంటే చిన్నమ్మాళ్ ముఖం తిప్పుకోలేదు. పనికిరాదన్న నెత్తురు కదా, ఎట్లుంటుందో చూద్దామని చూసింది. మామూలుగానే ఉంది.

మూడు వారాలకు అంతోని వచ్చాడు. ఈసారి టోపీ చేతిలో పట్టుకున్నాడు. ఆ టోపీ చూడగానే ఆమెకు అర్థమైంది.

“తల్లి దారి కలిసింది. మిగతావి కూడా. కాలి ఎముక కూడా.” అతను కాగితం ఆమె చేతికిచ్చాడు. “ఆయనేనమ్మా.”

చిన్నమ్మాళ్ గోడకు ఆనుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ తెలిసిన సంగతే. “ఎప్పుడు తెచ్చుకోవచ్చు సార్?” అంది.

“రేపే.”

రామచంద్రన్ వ్యానులోనే తెచ్చుకున్నారు. తెల్లబట్ట చుట్టిన చిన్న పెట్టె. అంత మనిషి, అంత చిన్నగా. చిన్నమ్మాళ్ దాన్ని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది. పీలమేడు మసానంలో మట్టి చేశారు. తలకు నీళ్లు పోసుకుని కుండ మోసింది రామచంద్రనే. మోసేదానికి నీకేమి హక్కు అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే అంగమ్మాళ్ కర్ర సిద్ధంగానే ఉంది. ఆ రోజు నుంచి సందులో ఆడవాళ్లకు చిన్నమ్మాళ్‌తో ఎలా మాట్లాడాలో తెలిసింది. ఏడవాల్సినవాళ్లు ఏడ్చారు. ఆమె కూడా, ఇన్నాళ్లకు, తలుపు మూసుకోకుండా ఏడ్చింది.

పదహారో రోజుకు ముందు ఇల్లంతా కడిగి సున్నం వేయడం వాళ్ల ఆనవాయితీ. చావు మైల పోవాలంటే చూరు నుంచి గడప దాకా ఒక్క మూల వదలకూడదు. చిన్నమ్మాళ్‌కు చెప్పాలా? తెల్లవారకముందే కొంగు బిగించింది. గిన్నెలు, బల్లలు, కిటికీ ఊచలు, అన్నీ తోమింది. మామ చొక్కాలు షెడ్డులో పనిచేసేవాళ్లకు ఇచ్చేసింది. రామచంద్రన్ పంచె ఎగ్గట్టి, సున్నం బక్కెట్టు, బ్రష్షు పట్టుకుని వసారాలోకి దిగాడు. అంగమ్మాళ్ పీటమీద కూర్చుని ఇద్దరికీ తప్పులు పట్టింది.

వసారాలో మెయిన్ స్విచ్చి పెట్టె ముందు ఒక పెద్ద క్యాలెండర్ వేలాడుతుంది. దుమ్ము దులపడానికి చిన్నమ్మాళ్ దాన్ని ఎత్తింది. పెట్టె పక్కన, క్యాలెండర్ చాటున, ఇన్నాళ్లూ ఆమె గుడ్డకు దొరక్కుండా, నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. నల్లగా, గీత గీతా తెలిసేలా. తేనికి పోయే ముందురోజు ఫ్యూజు పోయింది. షెడ్డు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే క్యాలెండర్ పక్కకు తోసి తీగ మార్చాడు. లైటు వెలిగినాక, “చూసినావా చిన్నా, ఈ పొద్దు నీ గోడ ముట్టలేదు!” అని గొప్పగా అన్నాడు. ఆమె స్విచ్చి పక్కన చూసి, నిజమేననుకుని మెచ్చుకుంది కూడా.

“దొంగ,” అంది చిన్నమ్మాళ్.

చేయి దానంతటదే కొక్కెం మీది గుడ్డ అందుకుంది. కిరసనాయిలు సీసా మూత తీసింది. మళ్లీ మూత పెట్టింది.

రామచంద్రన్ సున్నం కారుతున్న బ్రష్షుతో అక్కడికి చేరాడు. “జరగమ్మా, ఆ మరకమీద రెండు పూతలు వేస్తే పోతుంది.”

“అక్కడ వద్దు బావా.”

“ఒక్క మూల కూడా వదలకూడదు కదమ్మా. రేపు వచ్చేవాళ్లు ఏమంటారు?”

“చిన్నమ్మాళ్‌కు సోమరితనం వచ్చింది అంటారు,” అంది ఆమె. “అననీ.”

రామచంద్రన్ అంగమ్మాళ్ వైపు చూశాడు. తప్పులు పట్టే అంగమ్మాళ్ ఆ ఒక్కసారికి వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఆయన బ్రష్షును పక్కకు తిప్పి, ఆ చెయ్యంత జాగా వదిలి, చుట్టూ జాగ్రత్తగా సున్నం వేసుకుంటూ పోయాడు.

చిన్నమ్మాళ్ క్యాలెండర్‌ను తీసి అవతలి గోడకు తగిలించింది. పొడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి కొక్కేనికి వేసి, ముగ్గు డబ్బా తీసుకుని వాకిట్లోకి పోయింది.